బాలప్రతిభయు గృహధర్మమును

మన యిండ్లలో బిడ్డల తెలివినిగూర్చి మాట వచ్చినపుడు రెండు సామెతలు వాడుట కలదు. పువ్వు పుట్టగానే పరిమళించునని యొకటి. మొక్కయై వంగనిది మ్రానై వంగునా యని వేఱొకటి. ఈ రెండును ఒకే నోట, ఒకే పూట వినబడుచుండును. మొదటిదానినిబట్టి తల్లిదండ్రులు చేయవలసిన దేమియు లేదు. రెండవదానినిబట్టి వారు చేయగూడని దేదియు లేదు. పరిమళము పుట్టుకతోనే వచ్చినదనువారు మొక్కకు నీరు పోయుట మానుదురు. వంచవలెననువారు మొక్క విఱుగువఱకును వంచుదురు. అసాధారణప్రజ్ఞ గల శిశువు ఈ యిరువురి నడుమను జిక్కి పడు కష్టమును మేము పలుతావుల జూచియున్నాము. కావున ప్రతిభ దైవదత్తమా, పెంపకముచే వచ్చునదా యను పాతవాదమును మరల త్రవ్వక, ప్రతిభ యొక యింట కనబడినపుడు ఆ యింటివారికి గలుగు ధర్మ మెట్టిది, ఆ ప్రతిభపై వారికి గల హక్కెంత, యను ప్రశ్నను విచారింపబూనితిమి.

దీనికి దూరదేశపు దృష్టాంతములతో మొదలుపెట్ట నక్కఱలేదు. నేడు విశాఖపట్టణమును దాని ఓడరేవుచేతను ఉక్కు కర్మాగారముచేతను ఎఱుగనివారు లేరు. ఆ రేవు తెఱవబడినది 1933లో. ఆ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది 1971లో. వీనికి ఎంతో ముందుగనే, 1840లో, గోడే వెంకటజగ్గారావుగారు ఆ యూరియందు తన స్వంతవ్యయముతో నొక వేధశాలను నిర్మించి నక్షత్రములను పరిశీలించిరి. ఆయన యనంతరము ఆయన అల్లుడగు అంకితము వెంకటనరసింగరావుగారు ఆ పనిని సాగించిరి. ఈ నరసింగరావుగారి పేరి పొడియక్షరములే నేటికిని ఏ.వి.ఎన్. కళాశాల యను నామమున నిలిచియున్నవి. మామ మొదలిడిన శాస్త్రవ్యాసంగమును అల్లుడు విడువకుండుట మన దేశమున నిత్యము కనబడు విషయము కాదు. ఆస్తి దక్కినచోట అభిరుచియు దక్కెను. గృహవాతావరణ మనగా మా యభిప్రాయము మొదట నిదియే: ఇంటిలో పెద్దలు తమకొఱకై, పిల్లలకొఱకై కాదు, ఏ పనియం దిష్టము చూపుదురో అది.

ఆ కళాశాలకు 1892లో ఆర్. చంద్రశేఖర అయ్యరుగారు తిరుచిరాపల్లి ప్రాంతమునుండి గణితమును భౌతికశాస్త్రమును బోధించు నుపన్యాసకులుగ వచ్చిరి. వెంట వచ్చిన రెండవ కుమారునికి అప్పటికి నాలుగేండ్లు నిండలేదు. ఆ బాలుడే చంద్రశేఖర వేంకటరామన్. 1888 నవంబరు 7వ తేదీన జనించిన ఈ బాలుడు విశాఖపట్టణమున సెయింటు అలోషియసు పాఠశాలలో జదివి, పదునొకండేండ్ల ప్రాయముననే మెట్రిక్యులేషను పరీక్షయం దుత్తీర్ణుడయ్యెను. తండ్రి పనిచేయు కళాశాలయందే ఎఫ్.ఏ. ముగించి, 1903లో చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలను జేరెను. 1904లో బి.ఏ., 1907లో ఎం.ఏ.; ఈ నడుమ 1906లో, పదునెనిమిదవ యేట, విలాయతి శాస్త్రపత్రికలో మొదటి పరిశోధనవ్యాసము. తరువాతి చరిత్రము లోకవిదితము. విశాఖపట్టణమున ఆ బాలుడు గడిపినవి పదేండ్లు. ఆ పదేండ్లలో ఆ యింట నేమి యుండెను, ఏమి లేకుండెను?

ధనము లేకుండెను. తాను రాగిచెంచా నోటబెట్టుకొని పుట్టితినని, తన జననకాలమున తండ్రి జీతము నెలకు పది రూపాయలని రామన్‌గారే తరువాతికాలమున పరిహాసముగ జెప్పుచుండిరి. విశాఖపట్టణమునకు వచ్చినపిదప జీతము పెరిగినను ఎనమండుగురు బిడ్డల సంసారమున కది విశేషము గాదు. అయితే పుస్తకములుండెను. గణితము, భౌతికశాస్త్రము, ఆంగ్లసాహిత్యము — తండ్రి తనకొఱకు కొనుక్కొన్నవి, తాను చదువుకొన్నవి. బీరువాకు తాళము లేదు. బాలునికి తగిన పుస్తక మిది, తగని దిది యని విభజించి యిచ్చువారును లేరు. తల్లి పార్వతమ్మగారు సంస్కృతపండితుల యింటి ఆడుబిడ్డ. తండ్రి ఫిడేలు వాయించుచుండెడివారు. ఆ నాదము ఆ యింటి సాయంకాలములలో నొక భాగము. 1918లో రామన్‌గారు ఫిడేలు తంత్రులమీద కమాను నడచునపుడు గలుగు కంపనములనుగూర్చి గొప్ప గ్రంథము వ్రాసిరి. తరువాత మృదంగ తబలాల నాదముపై పరిశోధనలు సల్పిరి. తండ్రి కుమారునకు ధ్వనిశాస్త్రము బోధించుటకై ఫిడేలు వాయింపలేదు. తన ఆనందముకొఱకు వాయించెను. బాలుడు విని, ఆ నాద మెట్లు పుట్టుచున్నదని ప్రశ్నించుకొనెను.

ఆయన జీవితచరిత్రకారులు వ్రాసిన చిన్నకథ యొకటి కలదు. ఒకనాడు బాలుడు జ్వరముతో పడియుండి, విద్యుచ్ఛక్తిని నిలువచేయు లైడెన్ జాడీ యెట్లు పనిచేయునో చూపినగాని ఊరకుండనని తండ్రిని పట్టుబట్టెనట. తండ్రి యా జాడీని తెచ్చి చూపెను. ఇది చిన్నసంగతియే. కాని మన యిండ్లలో జ్వరము వచ్చిన పిల్లవాడు అట్లడిగినచో నేమి జవాబు వచ్చునో యెవరికివారు తలచుకొందురుగాక. “ముందు మందు తాగు, తరువాత చూద్దాం” అందుము, తరువాత చూడము. శిశువు ప్రశ్న వేసిన క్షణమున పెద్దవారు తమ పనిని నిలిపివైచుట, అన్నిటికంటె చౌకయై అన్నిటికంటె అరుదైన విద్యాదానము. అయ్యరుగారు దానిని చేసిరి.

ఈ సందర్భమున నొక హెచ్చరిక. ఆకాశముయొక్కయు సముద్రముయొక్కయు నీలిమనుగూర్చి రామన్‌గారు ఆలోచించుటకు 1921లో మధ్యధరాసముద్రముమీద చేసిన ఓడప్రయాణము కారణమని ప్రసిద్ధి. ఆ ఆలోచనయే 1928 ఫిబ్రవరి 28వ తేదీన వెల్లడియైన రామన్ ఫలితమునకును, 1930లో నోబెలు బహుమానమునకును దారితీసెను. దీనిని విశాఖతీరపు కెరటములకు ముడివేయుట మన యూరిపై నభిమానమే గాని చరిత్రము గాదు. అట్లే, ఫిడేలు కొనిపెట్టిన ప్రతితండ్రికి రామన్ పుట్టడు. ఆ యింటనే జ్యేష్ఠకుమారుడగు సుబ్రహ్మణ్య అయ్యరు ప్రభుత్వపు లెక్కలశాఖలో ఉద్యోగియై, సంగీతశాస్త్రమునం దభిరుచి గలవాడై గ్రంథము వ్రాసెను. ఆయన కుమారుడు సుబ్రహ్మణ్య చంద్రశేఖరుడు 1983లో నోబెలు బహుమానము నందెను. రామన్‌గారి మేనల్లుండ్రలో పంచరత్నము, రామశేషన్ మొదలగువారు భౌతికశాస్త్రమున పేరుగాంచిరి. దీనినిజూచి రక్తమే కారణమని కొందఱు, ఇల్లే కారణమని కొందఱు వాదింతురు. ఒకే యింట పుట్టినవారికి రక్తమును ఇల్లును కలసియే వచ్చును. త్రాసులో వేఱువేఱుగ తూచుటకు వీలులేదు. రక్తమును మార్చుట మన చేతిలో లేదు. ఇల్లు మన చేతిలో నున్నది. మన ధర్మవిచారణ కంతమాత్రము చాలును.

ఇక హైదరాబాదునకు బోదము. అచ్చట అఘోరనాథ ఛటోపాధ్యాయుడను వంగదేశీయుడు, ఎడింబరో విశ్వవిద్యాలయపు శాస్త్రాచార్యపట్టము నందినవాడు, బ్రహ్మసమాజీకుడు, నైజాము రాజ్యమున నవీనవిద్యకు పునాది వేసినవారిలో నొకడు. భార్య వరదాసుందరీదేవి వంగభాషలో గీతములల్లుచుండెడిది. వారి పెద్దకొమార్తె సరోజిని 1879 ఫిబ్రవరి 13వ తేదీన జనించి, పండ్రెండేండ్లకే మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో నుత్తీర్ణురాలయ్యెను. తొమ్మిదవ యేట నామె ఇంగ్లీషు మాటలాడనని మొండికెత్తగా, తండ్రి యొకదినమెల్ల ఒంటిగ గదిలో బంధించెనట. బాల్యమున తనకు కలిగిన దండన అదియొక్కటే యని, ఆ గదినుండి తాను పూర్తిగ ఇంగ్లీషు మాటలాడుచు బయటికి వచ్చితినని యామెయే వ్రాసికొనినది. తండ్రికి ఆమెను గొప్ప గణితశాస్త్రజ్ఞురాలినో, విజ్ఞానవేత్తనో చేయవలెనని కోరిక. పదునొకండవ యేట బీజగణితపు లెక్క తెగక నిట్టూర్చుచుండగా, లెక్కకు మాఱుగ పద్య మొకటి వచ్చెనట. ఆమె దానిని వ్రాసికొనెను.

ఈ కథను చదువువారు ఆ గదినిజూచి తండ్రిని నిందింపవచ్చును, లేదా ఆ గదియే ఆమెను కవయిత్రిని చేసినదని మెచ్చుకొనవచ్చును. మాకు రెండును సమ్మతము గావు. గదిలో బంధించుట తప్పే. దానిఫలితము మంచిదైనంతమాత్రమున తప్పు ఒప్పు కాజాలదు. అదే దండన వేఱొక శిశువును నోరులేనిదానినిగ జేసియుండును. అఘోరనాథునియందు మేము గౌరవించునది వేఱు. లెక్కకు బదులు పద్యము వచ్చినపు డాయన పద్యమును చింపివేయలేదు. తాను కోరినది రాకున్నను వచ్చినదానిని రానిచ్చెను. కోరిక కలుగుట తప్పుగాదు. ఆ కోరికను బిడ్డ స్వభావము కాదనినపుడు తండ్రి యెటు తిరుగునన్నదే పరీక్ష.

ఇట్లు తిరుగజాలని తండ్రి కథను ఇంగ్లండునుండి తీసికొందము. జాన్ స్టూవర్టు మిల్లుగారి తండ్రి జేమ్సు మిల్లు. ఆయన కుమారునికి మూడవ యేట గ్రీకుభాష మొదలుపెట్టించెను, ఎనిమిదవ యేట లాటిను. తోడిపిల్లలతో నాటలు లేవు. చిన్నవాడే తన తమ్ములకు చెల్లెండ్రకు పాఠములు చెప్పవలసియుండెను. ఒక్క విషయమున ఆ తండ్రిని మెచ్చుకొనవలెను: కుమారుని చెవిని పొగడ్త పడనీయలేదు. నీ వితరులకంటె నెక్కువ నేర్చినచో అది నీ గొప్ప గాదు, చెప్పుటకు ఓపికయు కాలమును గల తండ్రి దొఱకుటవలన గలిగిన భాగ్యమని చెప్పెను. ఎంత సత్యమైన మాట! అయినను ఆ యింట బుద్ధికి దొఱకిన యాహారము హృదయమునకు దొఱకలేదు. తండ్రియెడల భయముండెను, చనువు లేదు. ఇరువదవ యేట, 1826లో, ఆ యువకుని మనస్సు ఒక్కసారిగ ఎండిపోయెను. తన జీవితోద్దేశములన్నియు ఈ క్షణముననే నెరవేరినచో నీకు సంతోషము కలుగునా యని తన్నుతాను ప్రశ్నించుకొనగా, లేదని జవాబు వచ్చెనట. నెలలకొలది ఆ చీకటిలో నుండి, తుదకు మార్మొంటెలు అను ఫ్రెంచి రచయిత స్వీయచరిత్రమున తండ్రి చనిపోవు ఘట్టమును, బాలుడు కుటుంబమునకు తానే తండ్రిస్థానమున నిలుతునని పూనుకొను ఘట్టమును చదువునపుడు కన్నీరు వచ్చెను. ఏడ్వగలిగినందులకు ఆ యువకుడు సంతోషించెను! ఆ కన్నీటికి తండ్రి మరణఘట్టమే కారణమగుట యేమి తెలుపుచున్నదో మేము వ్యాఖ్యానింపము, చదువరులు గ్రహింతురు.

మిల్లు ఆ చీకటినుండి బయటపడి మహాపురుషుడయ్యెను. బయటపడనివారి కథలు వ్రాయబడవు గాన మనకు తెలియవు.

మన యూరికి మరలి వత్తము. విశాఖపట్టణమున ఏ పేటలోనైనను ఆదివారము సాయంకాలము ఒక యింటికి పోయినచో నీ దృశ్యము కనబడును. కుర్చీలలో చుట్టములు. కాఫీ రాకమునుపే ఐదేండ్ల పిల్లవాడు నడుమ నిలుపబడును. “ఏదీ నాన్నా, మామయ్యగారికి దేశాల రాజధానులన్నీ ఒప్పజెప్పు” అని తల్లి. పిల్లవాడు ఒప్పజెప్పును, అందఱు చప్పట్లు కొట్టుదురు. అట్టివానినొకని మేము వరుసగ మూడేండ్లు చూచితిమి. మొదటియేడు వాడు చెప్పుచు నవ్వుచుండెను. రెండవయేడు చెప్పి, తల్లి ముఖమువంక చూచుచుండెను. మూడవయేడు ఒక పేరు మఱచి, ఏడ్చుచు లోపలికి పరుగెత్తెను, చుట్టములు నవ్విరి. ఆ మూడేండ్లలో ఆ పిల్లవానికి రాజధానులతోడి సంబంధము తెగిపోయి చప్పట్లతోడి సంబంధ మేర్పడినది. మొదట వానికి భూగోళపటము ప్రియము. పిమ్మట పటము కాదు, సభ ప్రియము. తుదకు రెండును భయమే. ఆ తల్లి చెడ్డదిగాదు. తన బిడ్డను లోకమునకు చూపవలెనని ముచ్చటపడినది. కాని ప్రతిభను నగవలె నెత్తి చూపుట, అది బిడ్డది గాదు తనదని తెలియకయే ప్రకటించుట.

ఈ పిల్లవాడే పదియవ తరగతి ముగింపగానే సంగతి యింకను కఱకుదేరును. తెలుగుదేశమునందలి యింటరు చదువుల తీరు ఎల్లరకు నెఱుకయే. తెల్లవాఱకముందే లేపుదురు, రాత్రి ప్రొద్దుపోవువఱకు కూర్చుండబెట్టుదురు, ప్రతివారము పరీక్ష, ప్రతిపరీక్షకు వరుససంఖ్య. గాజువాకలో ఉక్కు కర్మాగారపు కార్మికుడు తన భవిష్యనిధినుండి అప్పు తీసి హాస్టలు రుసుము కట్టును. ఆతనికి ఆ చదువులోని విషయము తెలియదు, తెలిసికొనుటకు తీరికయు లేదు. తన బిడ్డ తనవలె కొలిమియెదుట నిలువగూడదన్న యొక్క కోరిక మాత్ర మున్నది. ఆ కోరికను ఎగతాళి చేయువారు తిని కూర్చున్నవారు. కాని పరీక్షాఫలితములు వెలువడు వారమున ప్రతియేడును పత్రికలలో వచ్చుచున్న బిడ్డల మరణవార్తలను చదివి, ఆ వ్యవస్థను సమర్థింప మనస్సు రాదు. ఆ చనిపోయినవారిలో మందబుద్ధులే యుందురని యెవరును తలపవలదు. ఊరి పాఠశాలలో ఎల్లపుడు ప్రథముడై యుండి, ఇచ్చట మున్నూటవవాడై, ఈ సంగతిని ఇంటికి ఎట్లు తెలుపుదునని తల్లడిల్లినవా రందుందురు. ఇంటికి తెలుపుటకు భయపడిన బిడ్డకు ఇల్లున్నదా లేదా? ఇదియే మా ప్రశ్న.

అమెరికాదేశమున బ్లూము అను విద్యాశాస్త్రజ్ఞుడు 1985లో ప్రకటించిన పరిశోధన యొకటి యిచ్చట స్మరింపదగినది. పియానోవాద్యము, శిల్పము, ఈత, టెన్నిసు, గణితము, నరాలశాస్త్రము — ఈ రంగములలో అత్యున్నతస్థానమునకు వచ్చిన నూటయిరువదిమంది బాల్యమును ఆయన సహచరులతో గూడి విచారించెను. వారిలో మిక్కిలి కొందఱు మాత్రమే శైశవమున అద్భుతబాలురుగ గుర్తింపబడినవారు. పెక్కురకు మొదటిగురువు ఊరిలోనో పొరుగుననో ఉన్న సామాన్యుడు. విద్యయందు దిట్టగాక పోయినను, పిల్లలయెడల ప్రేమగలవాడు. ఆ మొదటికాలము ఆటవలె సాగినది. కఠినసాధన తరువాత వచ్చినది, బిడ్డకు ఆ విద్యపై ప్రేమ పుట్టినపిదప. ఇండ్లలో శ్రమయెడల గౌరవముండెను. చేసిన పనిని బాగుగ చేయవలెనన్న నియమముండెను. మనము ఈ వరుసను తలక్రిందు చేసితిమి. మొదటినుండియు కాఠిన్యము, ప్రేమ ఉద్యోగము వచ్చినపిదప పుట్టునని నమ్మకము.

ఆడుబిడ్డలమాట యేమి? ఈ ప్రశ్న వేయనిచో వ్యాసమంతయు సగమింటిని గూర్చినదే యగును. విశాఖపట్టణపు కళాశాల పూర్తిపేరు ‘మిసెస్ ఏ.వి.ఎన్.’ కళాశాల. నరసింగరావుగారి భార్య ధర్మమువలన అది ఆ పేరు దాల్చినది. అయినను ఆ నామమున నున్నవి భర్త పేరి యక్షరములు. ఆ యిల్లాలికి దక్కినది ‘మిసెస్’ అను మాట మాత్రమే. దానము చేసినది తాను, పేరు నిలిచినది మఱియొకరిది. మన యిండ్లలో ప్రతిభగల స్త్రీల చరిత్రము చాలవఱకు ఇట్లే వ్రాయబడినది.

ఆదర్శగృహముగ మేము వర్ణించిన చంద్రశేఖర అయ్యరుగారి యింటనే ఐదుగురు కుమారులు, ముగ్గురు కొమార్తెలు. అదే బీరువా, అదే ఫిడేలు. కొమార్తెలు కళాశాలకు పోలేదు. వారి కొడుకులు పోయిరి. ఆ యింట పెరిగిన రామన్‌గారు 1933లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధ్యక్షులై యుండగా, కమలా భాగవతు అను యువతి ప్రవేశము గోరినది. స్త్రీ యన్న కారణమున మొదట నిరాకరించిరి. ఆమె పట్టువిడువకుండగా, ఒక యేడు పరీక్షార్థము మాత్రమని షరతుతో చేర్చుకొనిరి. ఆమె పని చూచినపిదప ఇతరస్త్రీలకును ద్వారము తెఱచిరి. ఆమె 1939లో కేంబ్రిడ్జియందు డాక్టరుపట్టము పొందెను. కమలా సొహోనీగ ప్రసిద్ధిగాంచెను. ఆమె తండ్రియు పినతండ్రియు ఆ సంస్థయందే రసాయనశాస్త్రము చదివినవారు. అనగా ఆ బిడ్డకు ఇల్లు తెఱచిన తలుపును ప్రతిభావంతుడొకడు మూసెను. మంచి యింట పెరిగినవాడు ఆ యింటి మంచితోపాటు ఆ యింటి గ్రుడ్డితనమును గూడ వెంట గొనిపోవుననుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఆ తలుపు పూర్తిగ తెఱవబడిన యింటి నొకదానిని మన కాలమునందే చూచితిమి. 1987లో కృష్ణామండలమున జనించిన కోనేరు హంపికి చదరంగమున నున్న నేర్పును తండ్రి అశోకుగారు శైశవముననే గుర్తించి, తన అధ్యాపకవృత్తిని మానుకొని తానే గురువయ్యెను. 2002లో, పదునైదేండ్లు నిండిన రెండునెలలలోపుననే, ఆమె గ్రాండుమాస్టరు బిరుదము పొందెను. తండ్రి జీవితము బిడ్డ యాటపై పెట్టిన పందెమైనపుడు ఆ బిడ్డ భుజములపై నెంత బరువు పడునో యూహింపవచ్చును. ప్రతివానికి మేము దీనిని చేయుమని చెప్పము. కాని హంపి కథలో గమనింపదగినది తరువాతి భాగము. వివాహము, 2017లో బిడ్డ, కొంతకాలము విరామము; మరల బల్లయొద్దకు వచ్చి 2019లోను 2024లోను స్త్రీల ప్రపంచ ర్యాపిడు పోటీని గెలుచుకొనెను. బాల్యమున గడించిన విద్య పెండ్లితో నత్తవారింటి గుమ్మమువద్ద ఆగిపోలేదు. పుట్టినిల్లు ఇచ్చినదానిని మెట్టినిల్లు తీసివేయకున్న నేమగునో ఇందు కనబడుచున్నది. ఎందఱు బాలికల విషయమున మొదటియిల్లు బీజము వేసినది, రెండవయిల్లు దున్నివేసినది!

పుస్తకములు లేని యింటిలో పుట్టిన ప్రతిభకు దిక్కెవరు? ద్వారము వెంకటస్వామినాయుడుగారు 1893లో బెంగుళూరున జనించి విశాఖపట్టణమున పెరిగిరి. కంటిచూపు మందము, బడిచదువు సాగలేదు. ఇట్టి బిడ్డను పనికిరానివాడని మూల కూర్చుండబెట్టు నిండ్లు కోకొల్లలు. ఆయన అన్నగారు ఫిడేలు చేతికిచ్చి తానే నేర్పెను. 1919లో విజయనగరమున సంగీతకళాశాల స్థాపింపబడగా, ఇరువదియాఱేండ్ల నాయుడుగారు అచ్చట ఫిడేలు ఆచార్యులుగ నియమింపబడిరి. కన్ను చూడలేనిదానిని చేయి చేసినది. ఆ చేతిని గుర్తించినది తండ్రి గూడ గాదు, అన్న. కుటుంబమనగా తల్లియు తండ్రియు మాత్రమే యని తలపరాదు. బాలమురళీకృష్ణగారి సంగతియు నిట్టిదే. 1930లో జనించినవాడు, శైశవముననే తల్లిని గోల్పోయెను. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువిద్వాంసులయ్యు, బాలుని కంఠమున నున్నది తన వేణువులో ఇమడదని గ్రహించి పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి చేతిలో పెట్టిరి. తనకు తెలిసిన విద్యనే బిడ్డకు అంటగట్టకుండుట ఒక విద్వాంసునికి తేలిక గాదు.

అన్నయు లేని, గురువును దొఱకని బిడ్డలున్నారు. విశాఖ రేవులో వలలు లాగువారి యిండ్లలో, రేవులో బరువులెత్తువారి గుడిసెలలో రామన్‌తో సమానమైన శిశువు పుట్టదని యెవరు చెప్పగలరు? పరీక్షలు పెట్టి వెదకుదమన్నను, పరీక్ష పట్టుకొనుననుకొనుట భ్రమ. 1921లో కాలిఫోర్నియాలో టెర్మను అను పండితుడు బుద్ధిపరీక్షలచే మేధావిబాలురను వేలకొలదినుండి ఏరెను. ఆ పరీక్షలో నిలువక త్రోసివేయబడిన బాలురలో షాక్లీ, ఆల్వరెజు అనువారిద్దఱు తరువాత భౌతికశాస్త్రమున నోబెలు బహుమానమందిరి. ఏరబడినవారిలో నొక్కరికిని ఆ బహుమానము రాలేదు. కావున కొందఱిని ఏరి పోషించుటకంటె, అందఱికిని ఆ బీరువాను తెఱచియుంచుట మేలు. ఇంటిలో లేని బీరువా పేటలో నుండవలెను. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును స్థాపించినవారు దీనినే తలచిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు జీవితమెల్ల అందులకే ధారవోసిరి. నేడు మన పేటలలో శిక్షణాలయపు పలకలు లెక్కలేనన్ని. పిల్లవాడు లోనికి పోయి, ఎవరును అడుగకుండ, తనకు నచ్చిన పుస్తకము తీసి నేలమీద కూర్చుండి చదువుకొను చోటు ఎన్ని యున్నవో లెక్కించుటకు రెండుచేతుల వ్రేళ్లు చాలును.

హక్కునుగూర్చి యడిగితిమి. దానికి రామన్‌గారి అన్న సుబ్రహ్మణ్య అయ్యరుగారి భార్య సీతాలక్ష్మమ్మగారు జవాబు చెప్పినారని మా నమ్మకము. చిన్నతనముననే పెండ్లియైనది. ఇంగ్లీషు నేర్చినది పెండ్లియైనపిదప; నేర్చి, ఇబ్సెనుగారి ‘బొమ్మరిల్లు’ నాటకమును అరవమునకు పరివర్తించినది. ఇల్లు విడిచి తలుపు మూసి వెళ్లిపోయిన స్త్రీ కథను, ఇల్లు విడువని యామె తెలుగు పొరుగుననున్న భాషకు తెచ్చినది. పదిమంది సంతానపు తల్లి. కుమారుడు చంద్రశేఖరునికి పండ్రెండేండ్లవఱకు చదువు ఇంటియొద్దనే. తండ్రి కచేరికి పోకముందు లెక్కలు ఇంగ్లీషు చెప్పుచుండగా, తల్లి అరవము చెప్పెడిది. తండ్రికి కుమారుడు సివిలుసర్వీసు ఉద్యోగి కావలెనని కోరిక. కుమారునికి శాస్త్రముమీద మనస్సు. నీ కిష్టమైనదానినే చేయుమని తల్లి చెప్పెను. 1930లో కేంబ్రిడ్జికి పోవుటకు ప్రభుత్వపు విద్యార్థివేతనము లభించెను. అప్పటికి తల్లి కోలుకొనరాని వ్యాధితో మంచమున నుండెను. ఇట్టిస్థితిలో తల్లిని విడిచి సముద్రము దాటుట ధర్మమా యని చుట్టములడిగిరి. కుమారుడును ఆగిపోదమని తలచెను. ఆమె యొప్పుకొనలేదు. ఆతడు తనకొఱకు మాత్రమే గాదు లోకముకొఱకు పుట్టినవాడని చెప్పి, పొమ్మనెను. జూలై 31వ తేదీన ఆతడు బొంబాయిలో ఓడ యెక్కెను. ఆ ఓడమీదనే, నక్షత్రములు చల్లారి కుంచించుకొనిపోవుటకు గల హద్దును గూర్చిన లెక్క మొదలుపెట్టెను. 1931లో ఆమె మరణించెను. తంతివార్త కేంబ్రిడ్జికి పోయెను.